రైలు కూతకీ రైలు కూతకీ మధ్య

ఈ బెంచీ చేసినవాడెవడో గాని ఒక్కనాడైనా దీని మీద కూర్చుని ఉండడు. వీపు ఆనించుకోవడానికి కొట్టిన చెక్క మెడకి తగులుతోంది. కాలేజీ మొత్తం ఇదే వరస. రోడ్డు వైపు పాలరాయి, నల్లద్దాలు, పూలకుండీలు. వెనక్కి వస్తే పూత కూడా లేని ఇటుకగోడ. బస్తా పైన మంచి ధాన్యం పోసి అడుగున తాలు నింపి తెచ్చే రైతు పని ఇది. అలాంటి బస్తా వస్తే నేను మూతి విప్పమనను. కింద మూలన ఇనపగొట్టం గుచ్చి, దాంట్లోకి జారిన గింజల్ని అరచేతిలో పోసుకుని ఒక్కసారి ఊదుతాను. తాలు ఎగిరిపోతుంది, గింజ ఉండిపోతుంది. భీమడోలులో ధాన్యం కొనడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మనుషుల్ని కూడా అలాగే ఊది చూస్తున్నాను. ఉండిపోయినవాళ్ళు తక్కువ. ఇక్కడ ఈ వరండాలో ఫైళ్ళు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న లెక్చరర్లని చూస్తే, ఊదక్కర్లేదు, తలుపు గట్టిగా వేస్తే చాలు.

ఎదురుగా ఉన్న తలుపు వెనక మా అమ్మాయి పెర్సిస్ ఉంది. ఎంటెక్ ఆఖరి పరీక్ష. వైవా అంటారు, అంటే రాసేది కాదు, నిలబడి జవాబు చెప్పేది. లోపల ఆమె గైడు లక్ష్మీకాంతం గారు, ఆయన పక్కన హైదరాబాదులో రాడార్లు చేసే ల్యాబు నుంచి వచ్చిన పెద్దాయన. ఆ పెద్దాయనకి నచ్చితే పెర్సిస్‌ని తమ ల్యాబులోకి తీసుకుంటాడు. నచ్చకపోతే ఈ కాలేజీలోనే, లక్ష్మీకాంతం గారి చేతి కింద, ఆయన చెప్పిన చోటల్లా తలూపుతూ బతకాలి. లక్ష్మీకాంతం గారు లోపలికి వెళ్తూ నాకు నమస్కారం పెట్టాడు, చేతులు కలిశాయి గాని కళ్ళు కలవలేదు. సెంటు వాసన మాత్రం ఇంకా వరండాలోనే ఉంది. అమ్మాయి సంచీలో తన ప్రాజెక్టు పటాలు రెండున్నాయి. ఒకటి నున్నగా ఉంటుంది, ఒకటి గరుగ్గా ఉంటుంది. ఏది చూపిస్తుందో దాన్నిబట్టి ఉంటుంది అంతా. ఏది చూపించాలో పొద్దున్న పాసింజర్లోనే చెప్పాను. వింటుందనే అనుకుంటున్నాను. చిన్నప్పటినుంచీ ఎదురు చెప్పే పిల్ల కాదు, ఎప్పుడు చూసినా ఒకేలా ఉంటుంది, నిండుగా, నిబ్బరంగా, అలికిడి లేకుండా.

ఆ పాసింజర్లోనే మొదటిసారి అడిగాను, ఈ రెండేళ్ళూ నువ్వు చేసిందేమిటమ్మా అని. రాడారు అంటే ఆకాశంలోకి ఒక కేక వేసి, తిరిగొచ్చిన కేకని బట్టి విమానం ఎక్కడుందో చెప్పేదట. అయితే ఆ కేక విమానానికొక్కదానికే తగలదు. కొండకి, చెట్టుకి, మేడకి, కరెంటు స్తంభానికి, అన్నిటికీ తగులుతుంది, అన్నీ తిరిగి కేకేస్తాయి, ఆ గోలలో విమానం వినపడదు. ఆ గోలని తీసేసే జల్లెడ మా అమ్మాయి చేసింది. ఇనుముతో కాదు, తీగతో కాదు, వట్టి అంకెలతో. ఎలా తీస్తుందీ అంటే, "కదలనిదాన్ని తీసేస్తుంది నాన్నా. ఒక కేకకి వచ్చిన జవాబులోంచి తర్వాత కేకకి వచ్చిన జవాబు తీసేస్తాం. కొండ కదలదు కాబట్టి సున్నా అయిపోతుంది. కదిలేది మిగుల్తుంది" అంది. అంటే తీసివేతేనా అన్నాను. తీసివేతే అంది. అది మూడో క్లాసులో చెప్పారుగా అన్నాను. నవ్వింది. మూడు జవాబులు తీసుకుని, మొదటిదాన్ని ఒకటితోనూ మధ్యదాన్ని మైనస్ రెండుతోనూ చివరిదాన్ని మళ్ళీ ఒకటితోనూ హెచ్చవేస్తే ఇంకా శుభ్రంగా పోతుందట, అవే తమ తూకపు రాళ్ళంది. మనసులో కలిపాను. ఒకటి, మైనస్ రెండు, ఒకటి. సున్నా. ఇంత మేడ కట్టి, ఇంతమంది లెక్చరర్లని పెట్టి, సున్నాని తూచడం నేర్పారన్నమాట.

నాకు మింగుడుపడనిది అది కాదు. చేటెత్తి గాలికి ధాన్యం పోసిన ప్రతివాడికీ తెలుసు, కదిలిపోయేది తాలు, ఉన్నచోట పడేది గింజ. వీళ్ళ చేటలో ఉన్నచోట ఉన్నది తాలు, కదిలిపోయేది గింజ. తిరగేసి పట్టుకున్నారు. ఆ మాటకొస్తే లోకమంతా ఇప్పుడు అలాగే పట్టుకుంది. ఒకే కొట్టులో ఒకే కాటా పెట్టుకుని కూర్చున్నవాడు ఎవడికీ కనపడడు. ఇవాళ చేపల చెరువు, రేపు రొయ్యల చెరువు, ఎల్లుండి రియల్ ఎస్టేటు అంటూ పరుగెత్తేవాడే కనపడతాడు. ఇదిగో పక్కన కూర్చున్న ఈయన ఆ రకమే. మండవల్లి ఆయన. కొల్లేట్లో చెరువులు తవ్వించాడట, పోయినేడాది సర్కారువాళ్ళు గట్లు పగలగొట్టేసరికి ఇప్పుడు ఏలూరులో అపార్టుమెంట్లు కడతాడట. వాళ్ళబ్బాయి జయంత్‌ది మా అమ్మాయి తర్వాత వంతు. వచ్చి కూర్చున్న దగ్గర్నుంచీ సెల్‌ఫోన్ మూత తీస్తాడు, వేస్తాడు.

"మీ అమ్మాయిదేం ప్రాజెక్టండీ?"

"రాడారు."

"మావాడిదీ ఏదో అలాంటిదేనండి. హైదరాబాదులో చేయించాం. బైండింగు మాత్రం చాలా బాగా వచ్చిందండి."

"లోపల ఏముందో చూశారా?"

"మనకేం తెలుస్తుందండీ? బరువుగానే ఉంది."

బరువుగానే ఉందట. చేపలకి ఐసు వేసి బరువు తూచిన మనిషి. ఆయన మాటకి నవ్వు రావాల్సింది గాని రాలేదు, తలుపు వెనక ఎవరిదో గొంతు పెద్దదైంది. లక్ష్మీకాంతం గారిదే. మాటలు తెలియడం లేదు. ఎండ వరండా సగందాకా వచ్చేసింది. పైన ఫ్యాను తిరుగుతోంది గాని దాని గాలి దానికే సరిపోతున్నట్టుంది. గరుకు పటం బయటికి తీసిందా? తీసి ఉండదు. పొద్దున్న నేను చెప్పినప్పుడు అవుననలేదు, కాదనలేదు. దెందులూరు దాటాక కిటికీలోంచి చెరువుల మీద లేచే కొంగల్ని చూస్తూ కూర్చుంది.

ఆ జల్లెడకి ఒక దోషముంది, అదే తెచ్చిన గొడవ. విమానం ఎంత వేగంగా వస్తున్నా సరే, సరిగ్గా ఒక లెక్క ప్రకారం వస్తే చాలు, కేక వేసిన ప్రతిసారీ దాని దగ్గర్నుంచి అచ్చం ఒకేలాంటి జవాబు వస్తుందట. జవాబు మారలేదు కాబట్టి జల్లెడ దాన్ని కొండ అనుకుని పారేస్తుంది. "మన నెత్తి మీదికి దూసుకొచ్చేదాన్నా?" అన్నాను. "దూసుకొచ్చేదాన్నే నాన్నా. దాన్ని గుడ్డి వేగం అంటారు" అంది. పేరు మాత్రం బాగా పెట్టారు. దానికి విరుగుడు కూడా అమ్మాయే చేసింది. కేకలు సమానమైన ఎడంతో కాకుండా ఒకటి త్వరగా, ఒకటి ఆలస్యంగా వేస్తే ఆ దొంగ దొరుకుతాడు. కాని అప్పుడు కొండలూ చెట్లూ పూర్తిగా సున్నా కావు, కొల్లేట్లో గుర్రపుడెక్క ఎంత లాగినా ఎక్కడో తేలినట్టు, కాస్త కాస్త మిగిలిపోతాయి. పటం గరుగ్గా వస్తుంది. లక్ష్మీకాంతం గారికి ఆ గరుకు నచ్చలేదు. నున్నటి పటాన్ని ఆయన అప్పటికే తన పేరుతో ఢిల్లీలో ఏదో సభకి పంపించుకున్నాడు. గుడ్డి వేగం సంగతి తెలియనివాడెవడూ లేడమ్మా, మనం ఎత్తి చూపడం దేనికి, ఆ వేగం వదిలేసి మిగతా వేగాలకి చూపించు చాలు, గరుకు పటం బయటికి తీశావా ల్యాబువాళ్ళతో నీ గురించి ఒక్క మాట చెప్పను అన్నాడట.

మనిషి మీద నాకు గౌరవం లేదు, కాని ఆ మాట మాత్రం వ్యాపారం మాటే. అడగని దోషం చెప్పే వ్యాపారి ఉండడు. అదే చెప్పాను. "అడగనిది చెప్పకు. అడిగితే అప్పుడు చూసుకోవచ్చు." అప్పుడు పెర్సిస్ నావైపు తిరిగి, "అది కాదు నాన్నా, ఈ గుడ్డి వేగం అంటే అచ్చం మన…" అని ఆగిపోయింది. మన ఏమిటీ అన్నాను. ఏం లేదంది. వేరుశెనక్కాయలవాడు అడ్డం వచ్చాడు.

రైలు కూసింది. కాలేజీ వెనకాలే పట్టాలు. కూత వినగానే నా తల తలుపు వైపు తిరిగింది. తలుపు మూసే ఉంది. ఇందాక గూడ్సు కూసినప్పుడు కూడా ఇలాగే తిరిగిందని ఇప్పుడు తట్టింది. అలవాటు. భీమడోలులో కొట్టు ముందుంటుంది, కాటా వెనక దొడ్లో ఉంటుంది. పని చేసినంతసేపూ దొడ్లోనే ఉండి, రైలు కూస్తే చేతులు దులుపుకుని కొట్లోకి వచ్చేవాణ్ణి. గ్లాసుడు మంచినీళ్ళు తాగి, గుమాస్తా ఉన్నాడా లేడా చూసి, మళ్ళీ వెనక్కి. గుమాస్తా ఉండేవాడు. ఎప్పుడూ ఉండేవాడు. పేరు యోబు. మా చర్చివాడే. అదే స్టూలు, అదే గోడ, చెవి మీద అదే పెన్సిలు, గోనెల మీద గుర్తులు వేస్తూ తల కూడా ఎత్తేవాడు కాదు. తల్లిదండ్రులు పేరు చూసి పెట్టారు, బైబిల్లో యోబంత ఓర్పు అనుకునేవాణ్ణి. ఒకసారి చర్చి కమిటీలో అందరి ముందూ అన్నాను కూడా, మా యోబు స్తంభంలాంటి మనిషండీ అని. అందరూ తలలూపారు. యోబు కూడా ఊపాడు.

మా అమ్మ దేవకుమారికి వేళాపాళా ఉండేది కాదు. ఒకనాడు మజ్జిగ పట్టుకొచ్చేది, ఒకనాడు తప్పిపోయిన కోడిపెట్ట కోసం వచ్చేది, ఒకనాడు దేనికొచ్చిందో మరిచిపోయి వచ్చేది. ఎన్నిసార్లు విసుక్కున్నానో. ముసలితనంలో కాలు నిలవదు, ఇంట్లో కూర్చుని బైబిలు చదువుకోకూడదా అనేవాణ్ణి. ఒకనాడు ఆవిడ దొడ్లోకి వచ్చి నా చెవిలో, "నీ స్తంభం నడుస్తోందిరా" అంది. ఎండకి మతి పోయిందనుకున్నాను. మర్నాడు రైలూ గీలూ లేని వేళ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది, కాలవ వంతెన దాకా. అక్కడ ఉన్నాడు నా స్తంభం. లూనా స్టాండేసి, గణపవరం వైపు నుంచి వచ్చే ట్రాక్టర్లని ఒక్కొక్కటీ ఆపుతున్నాడు. "మా షావుకారు ఇవాళ కొనడం లేదండి, గూడెం తోలుకుపోండి. అక్కడ నా పేరు చెప్పండి." ఎంత మర్యాదగా చెబుతున్నాడో. మంచి ధాన్యమంతా తాడేపల్లిగూడెం మిల్లులకి, తాలు బస్తాలు నాకు. ఆ ఏడు దాళవా పంటకాలమంతా నా కాటా ఎందుకు ఖాళీగా ఉందో నేను వానని తిట్టాను, కాలవని తిట్టాను, రైతుల్ని తిట్టాను. దూరంగా రైలు వస్తున్న చప్పుడైంది. యోబు లూనా ఎక్కాడు. కూత వేసేసరికి స్టూలు మీద ఉండి ఉంటాడు, పెన్సిలు చెవి మీద పెట్టుకుని.

గుడ్డి వేగం. కేక వేసిన ప్రతిసారీ అచ్చం ఒకేలాంటి జవాబు. పొద్దున్న అమ్మాయి నోట్లో ఆగిపోయిన మాట ఇప్పుడు వచ్చి నా ముందు కూర్చుంది. కాని ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు. యోబుకి నడుంనొప్పి అని అందరికీ చెప్పాను. వాడూ నడుం పట్టుకునే వెళ్ళాడు. ఇనపగొట్టం పట్టుకుంటే ఏలూరు దాకా పేరున్న వీరాస్వామి రోజూ మంచినీళ్ళు తాగడానికి వచ్చి గుమాస్తాని చూసుకుంటూ మోసపోయాడంటే బజారులో నిలబడగలనా? అమ్మ పోయింది, ఆవిడతో ఆ మాటా పోయింది. మరి ఈ పిల్లకి ఎలా? అప్పుడు బడి లేని రోజుల్లో కొట్లో మూలన పడేసిన పాత కాటా పళ్ళెంలో కూర్చుని బెల్లమ్ముక్క చప్పరించేది. ఏమీ మాట్లాడేది కాదు. పళ్ళెం కదలకుండా కూర్చునేది. నేను దాన్ని కూడా రైలు కూసినప్పుడే చూసేవాణ్ణి.

తలుపు తెరుచుకుంది. ముందు లక్ష్మీకాంతం గారు వచ్చాడు. నమస్కారం లేదు, నా మీదుగా చూసుకుంటూ మెట్లు దిగిపోయాడు. సెంటు వాసన కూడా ఆయనతోపాటే త్వరత్వరగా పోయింది. అయిపోయింది అనుకున్నాను. గరుకు పటం తీసింది. అన్ని బస్తాల అడుగునా గొట్టం గుచ్చిన నేను, నా బస్తా మూతి కట్టుకోలేకపోయాను. ఆ వెనకాల హైదరాబాదు పెద్దాయన వచ్చాడు. సన్నగా, నలిగిన చొక్కాతో ఉన్నాడు, జేబులో ఇంకు మరక. బెంచీ మీద మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా దగ్గర ఆగాడు.

"మీరేనాండీ ఆ రాడారు?"

బెంచీ మీంచి లేచి నిలబడ్డాను. మండవల్లి ఆయన సెల్‌ఫోన్ మూత వేశాడు.

"గుడ్డి వేగం గురించి చాలామంది నాకు చాలా బొమ్మలు వేసి చూపించారండి" అన్నాడు పెద్దాయన. "రైలు కూతకీ రైలు కూతకీ మధ్య గుమాస్తా మాయమవడం మాత్రం ఇవాళే విన్నాను. నేను అడగలేదు, ఆ అమ్మాయే చెప్పింది. మీ అమ్మగారు ఉన్నారా?"

"పోయారండి."

"అయ్యో. వేళ కాని వేళ చూసేవాళ్ళే కావాలండి మాకు. ఉంటే ఆవిణ్ణే తీసుకుపోదును. మనవరాలితో సరిపెట్టుకుంటాం లెండి." అని, పటం గరుగ్గానే ఉంది, ఇంకా చాలా పని ఉంది దాంతో అని కూడా అని, జయంత్ పేరు పిలిపించి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

మండవల్లి ఆయన కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. "ఏవండీ, ఆ గుమాస్తా పేరేంటన్నారు?" అన్నాడు. నేను అనలేదన్నాను. ఆయనకి భీమడోలులో చుట్టాలున్నారట. ఇంకేం, సాయంత్రం పాసింజరు కంటే ముందే చేరుతుంది సంగతి. మండవల్లి చేపలవాడు, ఐసు వేసి బరువు పెంచే మనిషి, నన్ను చూసి నవ్వుతున్నాడు. నవ్వుకోనీ. వాళ్ళబ్బాయి బరువైన బైండింగు పట్టుకుని లోపలికి వెళ్ళాడుగా. అక్కడ గొట్టం పట్టుకున్నాయన ఉన్నాడు.

పెర్సిస్ వచ్చింది. ఎప్పటిలాగే ఉంది. నిండుగా, నిబ్బరంగా. "కోపమా నాన్నా?" అంది. "ఆయన అడిగాడా?" అన్నాను, తెలిసే. "లేదు." "మరి?" "అడగకపోతే ఆ విమానం రాకుండా ఉండదు కదా" అంది. యోబు సంగతి చెప్పకుండా చెప్పొచ్చుగా అన్నాను. "అది చెప్పేదాకా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు నాన్నా" అంది. అదీ నిజమే అయ్యుంటుంది. సరుకు అమ్ముడుపోవాలంటే ఎవరో ఒకరి పరువు పళ్ళెంలో వేయాలి, నాది దగ్గర్లో దొరికింది. నా కూతురే. టీ తాగొస్తానని చెప్పి మెట్ల వైపు నడిచాను. మంచినీళ్ళు తాగి ఇక్కడే ఉంటానంది.

నాలుగు మెట్లు దిగాను. ఎందుకు ఆగానో తెలియదు. రైలు లేదు, పిలుపు లేదు, మరిచిపోయిన వస్తువు లేదు. మా అమ్మలాగా దేనికో తెలియకుండా వెనక్కి తిరిగాను.

పెర్సిస్ స్తంభం చాటున గోడకి ఆనుకుని ఉంది. మంచినీళ్ళ సీసా పట్టుకున్న చెయ్యి ఎంతలా వణుకుతోందంటే నీళ్ళు నోట్లోకి పోవడం లేదు, గడ్డం మీదుగా చున్నీ మీద పడుతున్నాయి. రెండో చేత్తో ఆ చెయ్యి పట్టుకుంది. రెండూ వణికాయి. కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, చప్పుడు లేకుండా ఊపిరి పీలుస్తోంది, నీళ్ళలోంచి తీసి గట్టు మీద పడేసిన చేపలాగా. అలాంటి మొహం ఈ పిల్లకి ఉందని నాకు ఎన్నడూ తెలియదు. వారం వారం అదే పాసింజర్లో దిగేది, నేను అదే ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసేవాణ్ణి, అదే మొహం. మా పెర్సిస్‌కి భయం తెలియదండీ అని ఎంతమందికి చెప్పానో.

వెళ్ళి చెయ్యి పట్టుకుందామనుకున్నాను. వెళ్ళలేదు. మెల్లగా ముందుకి తిరిగి, మెట్టు మీదే నిలబడి, ఎదురుగోడకి ఎవడో సగం వేసి వదిలేసిన సున్నాన్ని తిట్టుకుంటూ ఉండిపోయాను. ఏదో ఒక రైలు వస్తుందిగా. వచ్చింది. కూత అయ్యేదాకా ఆగి, అప్పుడు తిరిగాను.

స్తంభం పక్కన నిలబడి ఉంది. సంచీ భుజాన వేసుకుని, మొహం తుడుచుకుని, నవ్వుతూ. "వెళ్దామా నాన్నా?" అంది.